సరుగుడుపాలెం క్యాంపులో నలభై శాతం విశ్వాసం

ఆవగింజంత విశ్వాసం ఉంటే చాలని సండే స్కూల్లో పాలపళ్ళ పిల్లలకి కూడా చెబుతారు. అయితే ఆవగింజంత అంటే ఎన్ని మిల్లీగ్రాములో ఇన్ని వేల ఏళ్ళలో ఒక్క బోధకుడూ చెప్పిన పాపాన పోలేదు. పాపం, వాళ్ళకి తోచి ఉండదు. ఆ లోటు తీర్చడానికి మిషన్ కేంద్ర కార్యాలయం వారు కిందటి వేసవిలో నడుం కట్టారు.

వారి సర్క్యులరు సరుగుడుపాలెం చేరే వేళకి జ్ఞానసుందరమ్మ బడి ముందు తాటాకు పందిరి వేయిస్తున్నది. ఆవిడ అక్కడి మిషన్ బడిలో టీచరు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి మే నెలలోనూ అదే బడిలో పిల్లలకి పది రోజుల క్యాంపు నడుపుతున్నది. సముద్రానికి మైలు దూరం, చుట్టూ సరుగుడు తోటలు, రెండు గదులు, ఒక వంటపాక, ఒక గంట. చుట్టుపక్కల పాలేలనుంచి నలభై, నలభై అయిదుమంది పిల్లలు చాపా దుప్పటీ చంకనబెట్టుకుని వచ్చేవాళ్ళు. పొద్దున్నే పాటలు, వాక్యం, కథలు, కంఠతవాక్యాలు, సాయంత్రం ఇసుకలో ఆటలు. చివరిరోజు తల్లిదండ్రులందరూ వచ్చి కూర్చుంటే పిల్లలు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పేవాళ్ళు. అంతే క్యాంపు.

అంతేనా అంటే అంతే. కానీ ఆ పాలేల్లో ఆడపిల్లకి పొద్దున లేస్తే బిందె, ఆ తర్వాత చంటిపిల్లాడు, ఆ తర్వాత ఎండుచేపల కాపలా. ఏడాది మొత్తంలో ఈ పది రోజులే వాళ్ళ చేతికి ఎవరూ ఏ పనీ ఇవ్వరు. జ్ఞానసుందరమ్మ కూడా చిన్నప్పుడు ఆ చాపలమీద పడుకున్నదే. అందుకే ఆవిడకి ఆ క్యాంపంటే ప్రాణం.

సర్క్యులరు పేరు 'విశ్వాస వృద్ధి: పరిమాణాత్మక మదింపు మార్గదర్శకములు'. పందొమ్మిది పేజీలు. సారాంశం ఏమిటంటే, ఇకమీదట ప్రతి వేసవి శిబిరమూ బాలబాలికలయందు కనీసం నలభై శాతం విశ్వాస వృద్ధిని నిరూపించవలెను. మొదటి దినమున యాభై ప్రశ్నల మదింపు ఒకటి, పదవ దినమున మరొకటి. రెంటి మధ్య తేడాయే వృద్ధి. నలభైకి దిగువన నిలిచిన శిబిరములు పట్నపు శిబిరంలో విలీనము చేయబడును.

విలీనమనే మాట దగ్గర జ్ఞానసుందరమ్మ పందిరి పని ఆపించి, ఆ వాక్యం మళ్ళీ చదివింది. పట్నం ఇక్కడికి రెండు బస్సుల దూరం. అక్కడి క్యాంపు ఏసీ హాల్లో జరుగుతుంది. పన్నెండేళ్ళ పిల్లని రెండు బస్సులెక్కించి పరాయిచోట పది రోజులు పడుకోమని పంపే తల్లి ఆ పాలేల్లో ఒక్కతీ లేదు. విలీనమంటే ఈ పిల్లలకి క్యాంపు లేనట్టే.

ఊరి పాస్టరు ప్రసన్నరాజు అయ్యగారు మంచివారు, కాకపోతే కాగితం మీద ముద్ర కనబడితే లేచి నిలబడే రకం. ఆయన పందొమ్మిది పేజీలూ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "ఇందులో తప్పు పట్టేదేం కనపడటంలా టీచరమ్మా. నలభయ్యేగా అడిగింది, నూరు అడగలా" అన్నారు.

మొదటిరోజు మదింపు జరిగింది. ఓడ కట్టినదెవరు, చేపకడుపులో మూడు రోజులు ఉన్నదెవరు, ప్రార్థనలో ఎవరిని జ్ఞాపకం చేసుకోవాలి, ఇట్లాంటివి. నలభై రెండుమంది పిల్లలు నేలమీద బోర్లా పడుకుని, పెన్నుల మూతలు నోట్లో పెట్టుకుని, అరగంటలో రాసి పారేశారు. ఇరవై రెండేళ్ళ పెంపకం ఊరికే పోతుందా? వాళ్ళ అమ్మలు కూడా అక్కడే నేర్చుకున్నవాళ్ళు. సగటు తొంభై ఆరు శాతం వచ్చింది. జ్ఞానసుందరమ్మ పొంగిపోయి, పాలెం పొలిమేర దాకా నడిచివెళ్ళి సిగ్నలు దొరికినచోట నిలబడి, అంకెలన్నీ కేంద్ర కార్యాలయానికి పంపించింది.

సాయంత్రానికల్లా ఫోనొచ్చింది. చేసినవారు కృపాదానం గారు, కేంద్ర కార్యాలయంలో ఆత్మీయాభివృద్ధి మదింపు సమన్వయకర్త. అంత పొడుగు ఉద్యోగం అంతకుముందు లేదు, సర్క్యులరుతోపాటే పుట్టింది.

"మీ శిబిరపు ఆరంభస్థాయి నివేదిక అందిందమ్మా. ఇక్కడ మేమందరం తీవ్రమైన ఆందోళనలో ఉన్నాం" అన్నారాయన.

అంకె సరిగ్గా అందలేదేమోనని ఆవిడ తొంభై ఆరండీ అని గట్టిగా చెప్పింది.

"అదేనమ్మా ఆందోళన. తొంభై ఆరునుంచి మీరు ఎక్కడికి ఎదుగుతారు? మహా అయితే నాలుగు. నిండుకుండలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా? పట్నం శిబిరం చూడండి. విమలా జోసెఫ్ గారు క్రికెట్ కోచింగు దగ్గరనుంచి పిల్లల్ని సమీకరించారు. ఆరంభస్థాయి పదకొండు! ఎంత విశాలమైన అవకాశం!"

ఆయన దయగల మనిషి కనక దారి కూడా చెప్పారు. మార్గదర్శకాలలోని పద్నాలుగో పేజీ ప్రకారం ఆరంభస్థాయిని ఒకసారి పునర్నిర్ధారించుకోవచ్చు. మూడోరోజు మళ్ళీ మదింపు పెట్టి, అదే మొదటిరోజుగా భావించవచ్చు. ఈలోగా పిల్లల్ని ఆరంభానికి తగిన స్థితికి తీసుకురావాలి. తగిన స్థితి అంటే ఏమిటని ఆవిడ అడిగితే, ఎదగడానికి చోటున్న స్థితి అని ఆయన ఫోను పెట్టేశారు.

జ్ఞానసుందరమ్మకి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. పిల్లలతో తప్పు రాయించాలి, లేకపోతే క్యాంపు పోతుంది. అయ్యగారిని అడిగితే ఆయన కాసేపు గడ్డం రుద్దుకుని, దీన్ని మనం నాటకమనుకుందామని సెలవిచ్చారు. క్రిస్మస్ నాటకంలో దుర్మార్గపు రాజు హేరోదు వేషం వేసినవాణ్ణి పాపి అంటామా, అనమే. ఇదీ అంతేనట. ఆ మాట ఆవిడకి పూర్తిగా మింగుడుపడలేదు. అయినా మింగింది.

రెండోరోజు పొద్దున కంఠతవాక్యాల తరగతి తీసేసి, దాని స్థానంలో మరుపు తరగతి పెట్టారు. తొమ్మిదినుంచి పదకొండు దాకా. అది అనుకున్నంత తేలిక కాలేదు. ఓడ కట్టిందెవరర్రా అని ఆవిడ అడగడమే ఆలస్యం, నలభై రెండు చేతులూ లేచేవి. చేతులు దించమంటే నోళ్ళు లేచేవి. నోళ్ళు మూసుకోమంటే వంటపాకలోంచి సంతోషమ్మ సరైన జవాబు కేకేసేది. సంతోషమ్మ క్యాంపు వంటమనిషి. అక్షరం ముక్క రాదు గానీ ఇరవై ఏళ్ళుగా గరిటె తిప్పుతూ విన్న పాఠాలు కదా, ఆవిడ నాలిక చివరే ఉంటాయి. చివరికి ఆవిడ పొయ్యిని బావి అవతలికి మార్పించాల్సి వచ్చింది. ఇదేం చోద్యమమ్మా, జవాబు చెప్పినందుకు పొయ్యి పీకించిన బడి నేనెక్కడా చూడలేదని ఆవిడ ఆ పూటంతా గొణుక్కుంటూనే ఉంది.

మధ్యాహ్నానికి పిల్లలకి రుచి తెలిసింది. ఓడ కట్టింది మా చిన్నాన్న అని ఒకడన్నాడు. వాడి చిన్నాన్న నిజంగానే పడవలు కట్టే వడ్రంగి. ఇక చూడండి, వరదలాగా వచ్చాయి తప్పులు. చేపకడుపులో మూడు రోజులు ఉన్నది రొయ్యట. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవలసింది గొడుగట. పిల్లలు పడీపడీ నవ్వారు, ఆవిడకీ నవ్వాగింది కాదు.

నవ్వనిది ఒక్కతే, హెప్సీబా. పన్నెండేళ్ళ పిల్ల, సముద్రం మీద వేటకెళ్ళే దానియేలు కూతురు. ఏ పని చెప్పినా చివరిదాకా చేసే పిల్ల. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, తెలిసి తప్పు రాస్తే అబద్ధం కాదా టీచరమ్మా అని మెల్లగా అడిగింది. నాటకం తల్లీ అన్నది ఆవిడ. అయితే సరేనని హెప్సీబా వెళ్ళి, నాటకాన్ని కూడా చివరిదాకా చేసింది. మూడోరోజు యాభై ప్రశ్నలకి నలభై తొమ్మిది తప్పులు రాసి, పునర్నిర్ధారణలో మొదటిస్థానం సంపాదించింది. సగటు పన్నెండుకి దిగింది. కేంద్ర కార్యాలయం వారు అభినందనలు తెలిపారు.

అక్కడితో ఆగితే అది ఆఫీసెందుకవుతుంది? అయిదోరోజున కృపాదానం గారే స్వయంగా కార్లో దిగారు. చేతిలో ఒక ట్యాబు, మెడలో ఐడీ కార్డు. పందిరికింద కుర్చీలో కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగి, విశ్వాసం సంగతి ఆశాజనకంగా ఉంది గానీ సహవాసం గడి ఖాళీగా ఉందేమని అడిగారు. పిల్లలంతా కలిసే తింటున్నారు, కలిసే పడుకుంటున్నారు, కలిసే ఆడుకుంటున్నారని జ్ఞానసుందరమ్మ చెప్పింది. ఆయన తల అడ్డంగా ఆడించారు.

"అవి స్థితులమ్మా, వృద్ధి కాదు. సహవాస వృద్ధికి సూచిక సమాధానపడిన జంటల సంఖ్య. ఈ అయిదు రోజుల్లో ఎంతమంది సమాధానపడ్డారు?"

ఎవరూ పోట్లాడుకోలేదండి అన్నది ఆవిడ.

"పోట్లాటే లేనప్పుడు సహవాసం ఎదిగిందని కార్యాలయానికి ఎలా తెలుస్తుంది?"

అంచేత ఆరోరోజునుంచి దినచర్యలో కలహ సమయం చేరింది. మూడింటినుంచి మూడున్నర దాకా కలహం, మూడున్నరనుంచి నాలుగు దాకా సమాధానం, నాలుగింటికి టీ, మరమరాలు. కలహానికి ఒక గంట, సమాధానానికి రెండు గంటలు కొట్టేవారు. ప్రతి జంటకీ ఒక పత్రం. అందులో కలహ కారణం, తీవ్రత, సమాధానపడిన సమయం, సాక్షి సంతకం. తీవ్రత మళ్ళీ మూడు రకాలు: మందం, మధ్యమం, తీవ్రం.

మొదటిరోజు కలహం నీరుగారిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలు పది నిమిషాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, మేం దేనిమీద పోట్లాడాలో మర్చిపోయామని వచ్చి చెప్పారు. ఇంకో జంట నిమిషంలో పోట్లాట ముగించి, నిమిషంలో కలిసిపోయి, గోళీలాట మొదలెట్టింది. అయ్యగారు గడియారం చూసి, ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు పోట్లాడాలి నాయనా అని వాళ్ళని బతిమాలి కూర్చోబెట్టారు. బావి అవతలినుంచి సంతోషమ్మ ఈ తతంగమంతా చూసి, "అడుసు తొక్కటమెందుకు, కాలు కడగటమెందుకు. పిల్లలకి లేని బుద్ధులు మీరే నేర్పితిరి" అన్నది. ఆవిడ మాట ఏ గడిలోనూ పట్టలేదు.

పత్రాలు చూసి కృపాదానం గారు ఫోను చేశారు. అన్నీ మందమే వస్తున్నాయనీ, కనీసం అయిదోవంతు మధ్యమం లేకపోతే నమ్మశక్యంగా ఉండదనీ చెప్పారు. మర్నాడు జ్ఞానసుందరమ్మ, అవతలివాళ్ళకి కాస్త తగిలే మాట ఏదైనా అనండర్రా అని పిల్లలకి చెప్పింది. చెప్పేటప్పుడే నోట్లో చేదు తగిలింది. అయినా చెప్పింది. క్యాంపు నిలబడాలి కదా.

హెప్సీబాకి జంట కెజియా. ఆ ఇద్దరూ పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఒకే చాపమీద పడుకుంటారు, ఒకే కంచంలో తింటారు, పాటలప్పుడు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నిలబడతారు. ఏమనాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి కెజియా, నువ్వు పాడితే రాగం తప్పుద్ది, అందరూ చాటున నవ్వుతారు అన్నది. ఉత్తుత్తి పోట్లాటలో ఒక నిజం మాట పడింది. హెప్సీబా చెయ్యి వదిలేసి వెళ్ళి సరుగుడు చెట్టుకింద కూర్చుంది. రెండు గంటలు కొట్టినా రాలేదు. నాలుగయింది, టీ వచ్చింది, పత్రం పూర్తి కావాలి. తీవ్రత మధ్యమం అని రాసి, సమాధానపడిరి అని రాసి, జ్ఞానసుందరమ్మ సాక్షి సంతకం పెట్టేసింది. సాయంత్రానికి వాళ్ళే కలిసిపోతార్లే అనుకుంది. ఆ రోజునుంచి రెండు చాపలు పరుచుకున్నారు.

ఎనిమిదోరోజున సాక్ష్యాలమీద ఉత్తర్వు వచ్చింది. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉందని తెలిసినవాళ్ళకి తెలుసు. పూర్వం నేను ఇట్లా ఉండేవాణ్ణి, ఇప్పుడు ఇట్లా ఉన్నాను అని. పెద్దవాళ్ళకయితే పూర్వం బోలెడంత ఉంటుంది. తాగారు, తన్నారు, అప్పులెగ్గొట్టారు, తర్వాత మారారు. పదేళ్ళ పిల్లలకి పూర్వం ఎక్కడినుంచి వస్తుంది? అంతకుముందేటి సరుగుడుపాలెం సాక్ష్యాలన్నీ కృపాదానం గారు తెప్పించుకుని చదివారట. పూర్వం నేను మా తమ్ముడి జామకాయ తిన్నాను, ఇట్లాంటివే ఉన్నాయట. పూర్వస్థితి మిక్కిలి బలహీనముగా ఉన్నందున మార్పు కొట్టొచ్చినట్టు కనిపించుటలేదనీ, ప్రతి సాక్ష్యంలోనూ పూర్వస్థితికి కనీసం రెండు నిమిషాలు కేటాయించవలెననీ ఉత్తర్వు సారాంశం. పిల్లలకి ఈ సంగతి చెప్పగానే వాళ్ళ కళ్ళు మిలమిల మెరిశాయి. రెండు రోజులు సరుగుడు తోటంతా గుసగుసలే.

పదోరోజు ఉదయం పందిరి నిండింది. తల్లులు ముందు వరస చాపలమీద, తండ్రులు వెనకాల నిలబడి, ముసలమ్మలు స్తంభాలకి ఆనుకుని. కృపాదానం గారు కుర్చీలో ట్యాబుతో సిద్ధంగా ఉన్నారు. పాట అయింది, ప్రార్థన అయింది, సాక్ష్యాలు మొదలయ్యాయి.

మొదట లేచింది తొమ్మిదేళ్ళ షారోను. రెండు జడలు, రిబ్బన్లు. చేతులు కట్టుకుని, అందరికీ వందనాలు చెప్పి, "పూర్వం నేను సారా కాసి అమ్మేదాన్ని" అన్నది. ముందు వరసలో వాళ్ళమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత లేచినవాడు తను ఇద్దర్ని పొడిచానన్నాడు. ఆ తర్వాతివాడు ముగ్గుర్ని పొడిచానన్నాడు. ఒక పిల్ల లారీ దొంగిలించి విజయవాడలో అమ్మేసిందట. వాళ్ళ నాన్న వెనకనుంచి, ఎప్పుడే, నువ్వు బడికేగా పొయ్యేది అని అడిగాడు. ఆదివారాలని ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. ఒక ముసలమ్మ నెత్తీనోరూ కొట్టుకుంటూ, వద్దే, ఆ క్యాంపుకి పంపొద్దే అని నేను మొత్తుకోలా అని ఏడుపు లంకించుకుంది. ఎవరో తల్లి చీపురుకోసం వెతుకుతున్నది. కృపాదానం గారి వేళ్ళు ట్యాబుమీద నాట్యమాడుతున్నాయి. "అపూర్వమైన పూర్వస్థితి" అని అయ్యగారి చెవిలో అన్నారు. అయ్యగారు అవునండీ అవునండీ అంటూ చెమట తుడుచుకున్నారు.

అప్పుడు హెప్సీబా లేచింది.

"పూర్వం నేను అబద్దాలాడేదాన్ని గాదు" అన్నది. "మంచిదాన్నని గాదు, ఆడటం తెలవక. ఈ క్యాంపులో నేర్చుకున్నా. మూడోరోజు పరీక్షలో నలభై తొమ్మిది అబద్దాలు రాస్తే నాకు ఫస్టొచ్చింది. పూర్వం నాకు కెజియా ఉండేది. ఇప్పుడు లేదు. మేం సమాధానపడ్డామని కాయితంలో ఉంది, టీచరమ్మ సంతకం చేసింది. కానీ పడలా. అంతే. అందరికీ వందనాలు."

కృపాదానం గారు చిరునవ్వు నవ్వారు. పాప కంగారులో పూర్వస్థితినీ ప్రస్తుత స్థితినీ తారుమారు చేసి చెప్పిందనీ, తాను వరస సరిచేసి రాసుకుంటాననీ అన్నారు. అప్పుడది అన్నింటికన్నా మంచి సాక్ష్యమవుతుందట.

జ్ఞానసుందరమ్మకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఏ పిల్లా తనవైపు అట్లా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. హెప్సీబా, తను సరిగ్గా చెప్పానా లేదా అన్నట్టు చూస్తున్నది, పాఠం ఒప్పజెప్పిన పిల్లలాగా. ఆవిడ లేచి నిలబడింది. ఇప్పుడు నోరు విప్పితే క్యాంపు పోతుందని ఆవిడకి తెలుసు. తెలిసే విప్పింది.

"వరస మార్లేదండీ. పిల్ల సరిగ్గానే చెప్పింది. మొదటిరోజు వీళ్ళకి తొంభై ఆరొచ్చింది. పన్నెండు నేను చేయించింది. పోట్లాటలు నేను పెట్టించా, సంతకాలు నేను చేశా. వీళ్ళెవరూ సారా కాయలేదు, ఎవర్నీ పొడవలేదు. ఈ పొద్దున మళ్ళా పరీక్ష పెట్టా, తొంభై ఆరే వచ్చింది. మీరు సున్నా రాసుకోండి."

తల్లులు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. చీపురు దొరికిన తల్లి దాన్ని మెల్లగా కింద పెట్టేసింది. కృపాదానం గారు మాత్రం ట్యాబులో అంకె చెరిపేసి సున్నా వేశారు. ఆయనకి నిజంగానే బాధ కలిగింది. ఎనభై నాలుగు శాతం వృద్ధి కళ్ళముందే ఆవిరైపోతే ఎవరికుండదు? "సున్నా వృద్ధి నమోదైన శిబిరాన్ని నిబంధనల మేరకు విలీనం చేయక తప్పదు" అని ప్రకటించి, కారెక్కారు.

జ్ఞానసుందరమ్మ అందరి ముందే ఏడ్చింది. దాచుకోలేదు. దానియేలు వచ్చి, ఊరుకో టీచరమ్మా, పట్నమయితే మేం పంపం, అంతేగా అన్నాడు. ఓదార్పుగా అన్న ఆ మాటకే ఆవిడకి ఇంకా ఏడుపొచ్చింది. పిల్లలు చాపలు చుట్టుకుంటున్నారు. కెజియా తన చాప చుట్టడం ఆపి హెప్సీబా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పాడితే రాగం తప్పుద్ది, అది నిజమేనే. అయినా నా పక్కనే నిలబడి పాడు" అన్నది.

హెప్సీబా సరే అన్నది. ఇద్దరూ రెండు చాపల్నీ ఒక్కటిగా చుట్టి, చెరో కొసా పట్టుకుని ఇంటికి పోయారు. ఎంతకి సమాధానపడ్డారో ఎవరూ గడియారం చూడలేదు.

జూన్ రెండోవారంలో విలీనపు ఉత్తర్వు వచ్చింది. వచ్చే వేసవినుంచి సరుగుడుపాలెం పిల్లలు నలభై రెండుమందీ పట్నం శిబిరంలో పాల్గొనవలెను. దాని నకలు పట్నానికి కూడా వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే జ్ఞానసుందరమ్మకి విమలా జోసెఫ్ గారినుంచి ఫోను. పదకొండునుంచి డెబ్భై ఒకటికి ఎదిగి, ఆదర్శ శిబిరమని షీల్డు తీసుకున్న మనిషి.

"సిస్టర్, మీ పిల్లల్ని మాత్రం పంపకండి. మీకు దణ్ణం పెడతాను. తొంభై ఆరువాళ్ళు నలభై రెండుమంది నా మీద పడితే మొదటిరోజే నా సగటు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. వాళ్ళు మా పిల్లలకి జవాబులు కూడా నేర్పేస్తారు, మదింపు కాకముందే. నేను కష్టపడి వెతికి తెచ్చుకున్న పిల్లలండీ!"

జ్ఞానసుందరమ్మ, ఉత్తర్వు నాది కాదమ్మా, పైవాళ్ళది అన్నది. విమలా జోసెఫ్ గారు పైవాళ్ళకే రాసుకున్నారు. సరుగుడుపాలెం పిల్లల చేరికవలన తమ ఆరంభస్థాయి ప్రమాదకరంగా పెరుగునని పటం గీసి మరీ చూపించారు. కార్యాలయం వారు కంగారుపడి ఆ నలభై రెండుమందినీ ఉత్తరాన ఉన్న శిబిరానికి కేటాయించారు. ఆ శిబిరం వారు మాకెందుకీ శిక్ష అని రాశారు. దక్షిణాన ఉన్న శిబిరం వారు రాజీనామాలు పంపారు. పోనీ తలా నలుగురు చొప్పున అన్ని శిబిరాలకీ పంచుదామంటే, అన్ని శిబిరాలవాళ్ళూ కలిసి కార్యాలయం ముందు కూర్చున్నారు. విశ్వాసమున్న పిల్లలు మాకొద్దని వాళ్ళు పాటలు పాడారట. మూడు రోజులు కమిటీ కూర్చుంది. పెద్దలు ఉపవాసముండి ప్రార్థించారని కూడా విన్నాం.

జూలై మొదట్లో చివరి ఉత్తర్వు వచ్చింది. ప్రసన్నరాజు అయ్యగారు బడి అరుగుమీద నిలబడి, జ్ఞానసుందరమ్మకీ సంతోషమ్మకీ వినబడేట్టు పైకి చదివారు.

'సరుగుడుపాలెం బాలబాలికలయందు విశ్వాసము ఇదివరకే ప్రమాదకర స్థాయిలో ఉన్నందునను, వృద్ధికి అవకాశము శూన్యమైనందునను, వీరు ఇతర శిబిరముల బాలబాలికలతో కలియుట సగటులకు హానికరమైనందునను, వీరిని ఇతరులకు దూరముగా సరుగుడుపాలెంలోనే ప్రతి వేసవిలో పది దినములు ఉంచవలెను. వీరికి ఎట్టి మదింపూ జరుపరాదు. అధికారులెవరూ అచ్చటికి వెళ్ళరాదు.'

అయ్యగారు కాగితం తిరగేసి వెనకాల కూడా ఏమన్నా ఉందేమోనని చూశారు. ఏమీ లేదు. ముద్ర మాత్రం ఉంది. ఆయన ముద్రకి గౌరవంగా నిలబడే ఉన్నారు.

"ఇంతకీ మనం పాసయినట్టా, తప్పినట్టా?" అని అడిగింది సంతోషమ్మ.

జ్ఞానసుందరమ్మ కాగితం తీసుకుని, మడతపెట్టి, చీరచెంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"తప్పాం సంతోషమ్మా. వచ్చే ఏడు కూడా ఇట్టాగే తప్పాలంటే పిల్లల్ని ఇంకాస్త గట్టిగా చదివించాలి."